పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఆయిల్‌తో వెచ్చబడే పాత ఇల్లు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా ఈశాన్య రాష్ట్రాలవి కావడం, వాటిలో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరగడం వల్ల, ఈ శీర్షికను పూర్తిగా హీటింగ్ ఆయిల్‌కే, అంటే ఇల్లు వెచ్చబెట్టడానికి కాల్చే డీజిల్ లాంటి ఇంధనానికే, కేటాయిస్తున్నాము. అమెరికాలో సుమారు 50 లక్షల ఇళ్లు నేటికీ ఈ ఆయిల్‌తోనే చలికాలం గడుపుతున్నాయి. వాటిలో నూటికి 80కి పైగా ఈశాన్యంలోనే ఉన్నాయి. ఒకప్పుడు బొగ్గుతో వెచ్చబడిన ఇళ్లలో గ్యాస్ పైపు చేరని చోటల్లా ఆయిలే స్థిరపడిపోయింది. టెక్సాస్‌లోనో కాలిఫోర్నియాలోనో కొన్నాళ్లుండి ఇటు మారిన మనవారికి బేస్‌మెంట్‌లో ట్యాంకు ఉన్న ఇల్లు కొత్త. గ్యాస్ ఉన్న ఇంట్లో ఇంధనం సంగతి కంపెనీ చూసుకుంటుంది, ఆయిల్ ఇంట్లో అది ఇంటివారే చూసుకోవాలి. కింది ప్రశ్నల్లోని చిక్కుల్లో సగానికి పైగా ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చినవే.

ప్రశ్న: మేము కనెక్టికట్‌లో 1938లో కట్టిన ఇల్లు కొన్నాము. బేస్‌మెంట్‌లో 275 గాలన్ల ట్యాంకు, దాని పక్కన వేడినీళ్ల బాయిలర్ ఉన్నాయి. డిసెంబరులో ట్యాంకు నింపించాము. జనవరిలో ఒక శనివారం రాత్రి ఆయిల్ అయిపోయి ఇల్లు చల్లబడింది. మర్నాడు అదనపు రుసుము కట్టి ఆయిల్ పోయించుకున్నా బర్నర్ వెలగలేదు. మెకానిక్ వచ్చేదాకా మావారు ఎర్ర బటన్ నొక్కుతూనే ఉన్నారు. ఒక ట్యాంకు ఎన్నాళ్లు వస్తుందో ముందుగా తెలుసుకునే మార్గం ఉందా? — ఒక పాఠకురాలు, కనెక్టికట్

జవాబు: మీరు అడగకపోయినా ముందు ఆ ఎర్ర బటన్ సంగతి చెప్పాలి. బర్నర్‌లోని చిన్న పంపు ఆయిల్‌ను ఒత్తిడితో నాజిల్ గుండా సన్నని తుంపరగా చిమ్ముతుంది, ఆ తుంపరను విద్యుత్ నిప్పురవ్వ అంటిస్తుంది, మంట నిజంగా వచ్చిందో లేదో క్యాడ్ సెల్ అనే చిన్న పరికరం కనిపెట్టి చూస్తుంటుంది. నిర్ణీత క్షణాల్లో మంట కనబడకపోతే బర్నర్ తనంత తానే ఆగిపోయి, ఎవరైనా ఆ ఎర్ర రీసెట్ బటన్ నొక్కేదాకా కదలదు. ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ మరికొంత ఆయిల్ దహన గదిలో పడుతుంది. మంట లేక అక్కడ పేరుకున్న ఆయిల్ తర్వాతెప్పుడో ఒక్కపెట్టున అంటుకుంటే, చిమ్నీలోకి పోవలసిన పొగా మసీ ఇంట్లోకి ఎగదన్నుతాయి. దీన్ని అక్కడి మెకానిక్‌లు పఫ్‌బ్యాక్ అంటారు. అది జరిగితే గోడలు, బట్టలు, పూజగదిలో పటాలతో సహా ఇల్లంతా నల్లబడుతుంది. కాబట్టి బటన్‌ను ఒక్కసారే నొక్కాలి. బర్నర్ వెలగకపోయినా, వెలిగి వెంటనే ఆరిపోయినా, ఇక దాన్ని ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవాలి. వచ్చిన మనిషికి ఎన్నిసార్లు నొక్కారో దాచకుండా చెప్పాలి, ఎందుకంటే దాన్ని బట్టే ఆయన దహన గదిని ముందు పరిశీలించాలో లేదో నిర్ణయించుకుంటాడు.

ఆయిల్ పోసినా బర్నర్ వెలగకపోవడానికి కారణం సాధారణంగా గొట్టంలో చేరిన గాలి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీల్చుకుంటుంది. ట్యాంకు నుంచి బర్నర్‌కు ఒకే గొట్టం ఉన్న ఇళ్లలో ఆ గాలి దానంతట అది పోదు. పంపు పక్కనున్న చిన్న బ్లీడర్ మరను వదులు చేసి, దానికి పారదర్శకమైన సన్నని గొట్టం తగిలించి ఒక సీసాలోకి వదిలితే, మొదట బుడగలతో కూడిన నురుగు, ఆ తర్వాత ఎడతెగని ఎర్రని ధార వస్తాయి. అప్పుడు మర బిగించాలి. ఈ పని చేతకాని వారు పూనుకోకూడదు, కానీ సర్వీసుకు వచ్చిన మెకానిక్‌ను ఒకసారి చూపించమని అడిగితే చాలామంది చూపిస్తారు. ఖాళీ ట్యాంకులోకి కొత్త ఆయిల్ పడినప్పుడు అడుగున ఉన్న మడ్డి కదిలి ఫిల్టర్‌ను, నాజిల్‌ను మూసేసే అవకాశమూ ఉంది. అందుకే ఆయిల్ పూర్తిగా అయిపోవడం వల్ల ఒక రాత్రి చలితో బాధ తీరదు, మరమ్మతు కూడా మీద పడుతుంది.

అర్ధరాత్రి ఆయిల్ అయిపోయి డెలివరీ దొరకనప్పుడు, పెట్రోల్ బంకులో డీజిల్‌ను, డీజిల్‌కు ఉద్దేశించిన పసుపు రంగు డబ్బాలో 5 నుంచి 10 గాలన్లు తెచ్చి ట్యాంకులో పోసుకోవచ్చు. హీటింగ్ ఆయిల్, డీజిల్ దాదాపు ఒకే సరుకు. రోడ్డు పన్ను కట్టనిదని గుర్తుపట్టడానికి హీటింగ్ ఆయిల్‌కు ఎర్ర రంగు కలుపుతారు, అంతే. పెట్రోల్‌ను, అంటే అక్కడివారు గ్యాస్ అనేదాన్ని, ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు, పేలుడు జరగవచ్చు. ఇల్లు చల్లబడుతున్న ఆ గంటల్లో బయటి గోడకు ఆనుకున్న సింకుల కింది అల్మరా తలుపులు తెరిచి, కొళాయిలను సన్నని ధారగా వదలండి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. పైపులు పగిలేది అందుకే.

ఇక మీ అసలు ప్రశ్న. ఆయిల్ కంపెనీలు ట్యాంకును చూడకుండానే ఎప్పుడు రావాలో లెక్కగట్టే పద్ధతి ఒకటుంది, దాన్ని మీరూ చేసుకోవచ్చు. ఒక రోజు సగటు ఉష్ణోగ్రతను 65 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి తీసివేస్తే వచ్చేది ఆ రోజు డిగ్రీ-డే సంఖ్య. సగటు 25 డిగ్రీలైతే అది 40. రెండుసార్లు ట్యాంకు నిండా పోయించినప్పుడు, ఆ మధ్యకాలపు డిగ్రీ-డేలన్నీ కూడి, రెండోసారి పట్టిన గాలన్లతో భాగించండి. 900 డిగ్రీ-డేలకు 180 గాలన్లు పట్టాయనుకుంటే, మీ ఇంటి కె-ఫ్యాక్టర్ 5, అంటే ఒక గాలన్‌కు 5 డిగ్రీ-డేలు. సగటు 25 డిగ్రీలున్న రోజున మీ ఇల్లు 8 గాలన్లు, 10 డిగ్రీలకు పడిపోయిన రోజున 11 గాలన్లు తాగుతుంది. 275 గాలన్ల ట్యాంకులో పైన గాలికి కొంత చోటు వదలాలి, అడుగు భాగం మడ్డికి పోతుంది. చేతికి వచ్చేది సుమారు 250 గాలన్లే అనుకోండి. మామూలు జనవరిలో అది నెల రోజులు, గట్టి చలిలో మూడు వారాలకు కాస్త పైన. స్నానాల నీళ్లు కూడా అదే బాయిలర్ కాస్తుంటే ఇంకా తగ్గుతుంది. దేశం నుంచి చుట్టాలు వచ్చిన నెలలో కె-ఫ్యాక్టర్ ఎందుకు పడిపోయిందని ఆశ్చర్యపోనక్కరలేదు.

ట్యాంకు పైన గాజు బుడ్డిలా కనిపించే గేజ్‌లో ఎర్ర బిళ్ల పావు వంతు దగ్గర ఉంటే లోపల ఉన్నది సుమారు 60 గాలన్లు. పైన వేసిన లెక్క ప్రకారం అది అయిదు నుంచి ఏడు రోజులకు సరిపోతుంది. మంచు తుఫాను హెచ్చరిక రాగానే అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు కాబట్టి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పావు దాకా ఆగకుండా సగానికీ పావుకూ మధ్యలోనే ఆర్డర్ ఇవ్వడం మంచిది. ఆ బిళ్ల ఒక్కోసారి ఇరుక్కుపోతుంది. రెండు వారాలుగా కదలలేదంటే మీ ఇల్లు పొదుపుగా ఉందని సంతోషించకండి. అవసరమైనప్పుడు పిలిచే పద్ధతిలో గాలన్ ధర కొంత తక్కువగా ఉండవచ్చు గానీ, ఈ కాపలా కాయలేని వారికి కంపెనీయే లెక్కగట్టి వచ్చే ఆటోమేటిక్ డెలివరీయే తగినది. ఎవరు తెచ్చినా, గోడ బయటి నింపే పైపు దాకా మంచు తీసి దారి చేసి ఉంచండి. పక్కనున్న గాలి గొట్టం మంచులో పూడిపోకుండా చూడండి. నింపుతున్నంతసేపూ ఆ గొట్టంలోని ఈల మోగుతుంది, అది ఆగినప్పుడే డ్రైవర్‌కు ట్యాంకు నిండిందని తెలుస్తుంది.

ప్రశ్న: మా ట్యాంకు ఇంటి వెనుక ఆరుబయట ఉంది. బాగా చలిగా ఉన్న రోజుల్లోనే, అదీ తెల్లవారుజామున, బర్నర్ ఆగిపోతోంది. ఆయిల్ సగానికి పైగా ఉంది. — ఒక పాఠకుడు, అప్‌స్టేట్ న్యూయార్క్

జవాబు: ఆయిల్‌లో మైనం ఉంటుంది. ఉష్ణోగ్రత 10–20 డిగ్రీల ఫారెన్‌హీట్ ప్రాంతానికి దిగేసరికి అది మబ్బులా పేరుకొని, ఇంకా చలి ముదిరితే సన్నని గొట్టాన్నీ ఫిల్టర్‌నూ అడ్డగిస్తుంది. బయట ట్యాంకు ఉన్నవారికి చలికాలంలో ఆయిల్‌లో కిరోసిన్ కలిపి పోయమని కంపెనీకి ముందే చెప్పడమే మార్గం. కిరోసిన్ గాలన్‌కు ఖరీదు ఎక్కువ, అందులో వేడి కొంచెం తక్కువ, అయినా గడ్డకట్టదు. డబ్బాల్లో అమ్మే మందులు ఆయిల్ గడ్డకట్టక ముందు పోస్తే కొంత పనిచేస్తాయి, కట్టిన తర్వాత పోస్తే లాభం తక్కువ. గొట్టం మీద బ్లో టార్చ్ పెట్టకండి.

ప్రశ్న: మాది న్యూజెర్సీలో 1920ల నాటి ఇల్లు; ఆవిరితో నడిచే ఇనుప రేడియేటర్లు. ఈ చలికాలం గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చారు. థర్మోస్టాట్ 68లో ఉంటే వాళ్లకు చలి, వాళ్ల గదిలో రాత్రంతా కరెంటు హీటర్ పెడుతున్నాము. వంట చేసే వేళల్లో బేస్‌మెంట్ నుంచి ఆయిల్ పొగ వాసన వస్తోంది. ఒకరోజు పగలు ఇల్లు దానంతట అదే చల్లబడి, సాయంత్రం మేము వచ్చాక సర్దుకుంది. భయపడాలా? — ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చివరిది తేలిక. బేస్‌మెంట్ మెట్ల మొదట్లో ఎర్ర పలక ఉన్న స్విచ్ ఒకటి ఉంటుంది. అది బర్నర్‌ను అత్యవసరంగా ఆపడానికి పెట్టినది, చూపుకు మాత్రం లైటు స్విచ్ లాగే ఉంటుంది. లైటు వృథాగా వెలుగుతోందేమోనని పెద్దవాళ్లు దాన్ని ఆపేసి, సాయంత్రం మీరు దిగేటప్పుడు లైటనుకుని మళ్లీ వేసి ఉండవచ్చు. దాని మీద పెద్ద అక్షరాలతో తెలుగులో కాగితం అంటించండి.

వాసన మాత్రం తేలికగా తీసుకోవలసినది కాదు, పైగా అది వంట వేళల్లోనే వస్తోందన్నది ముఖ్యమైన ఆధారం. తాలింపు ఘాటు పోవడానికి మనవారు వంటింట్లో శక్తిమంతమైన ఎగ్జాస్ట్ హుడ్ పెట్టించుకుంటారు. అది బయటికి తోసే గాలికి బదులు గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. కిటికీలన్నీ మూసి ఉన్నప్పుడు దానికి దొరికే విశాలమైన దారి బాయిలర్ చిమ్నీయే. పైకి పోవలసిన పొగ అప్పుడు కిందికి దిగుతుంది. నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి లాగే హుడ్ పెడితే బయటి గాలి రావడానికి వేరే ఏర్పాటు ఉండాలని అమెరికాలో ఎక్కువ చోట్ల అనుసరించే గృహనిర్మాణ నియమావళి చెబుతుంది. పాత ఇళ్లలో ఆ ఏర్పాటు అరుదు. బాయిలర్ నుంచి చిమ్నీకి పోయే పొగగొట్టం మీద ఊగే రేకు తలుపు ఒకటి ఉంటుంది. బర్నర్ మండుతూ హుడ్ పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు ఆ తలుపు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పీల్చుకుపోతే సరే. వెనక్కి మీ ముఖం మీదికి వస్తే హుడ్ ఆపి, వంటింటి కిటికీ తెరిచి, ఆ రోజే మెకానిక్‌ను పిలవండి. వంట వేళల్లో కిటికీ కొద్దిగా తెరిచి, హుడ్‌ను తక్కువ వేగంలో నడపడం తాత్కాలిక ఉపాయమే.

ఆయిల్ పొగ వాసన ముందుగా హెచ్చరిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు అసలు వాసనే ఉండదు. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా దాని అలారం ఉండాలి. అది మోగితే కారణం వెతుకుతూ బేస్‌మెంట్‌కు దిగకుండా, అందరినీ బయటికి తీసుకువచ్చి 911కు ఫోన్ చేయాలి. ఈ మాట అమ్మానాన్నలకు తెలుగులో విడమరిచి చెప్పి, ఆ శబ్దం ఎలా ఉంటుందో ఒకసారి టెస్ట్ బటన్ నొక్కి వినిపించండి. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్లే.

హీటర్ విషయంలో లెక్క చూడండి. ఒక గాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడి ఉంటుంది, 85 శాతం సామర్థ్యం గల బాయిలర్ అందులో 1,17,700 దాకా ఇంటికి ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటు 3,412 బీటీయూలే ఇస్తుంది కాబట్టి, ఆ గాలన్‌కు సాటి రావాలంటే హీటర్‌కు 34 యూనిట్లకు పైగా కావాలి. యూనిట్ 25 సెంట్లనుకున్నా అది 8 డాలర్ల 60 సెంట్లు, దాన్ని మీరు గాలన్ ఆయిల్‌కు కట్టే ధరతో పోల్చుకోండి. ఇల్లంతా తగ్గించి ఒక్క గదినే వేడి చేసినప్పుడు లాభం ఉండవచ్చు గానీ, రెండూ నడిపితే ఉండదు. పెట్టక తప్పకపోతే హీటర్‌ను గోడ ప్లగ్గులోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగ వాడకండి, పరుపుకూ దుప్పట్లకూ మూడు అడుగుల దూరం ఉంచండి.

దానికన్నా మంచి మార్గం ఆ గదిలోని రేడియేటర్ పక్కనున్న గాలి వాల్వును మార్పించడం. ఆవిరి రావాలంటే లోపలి గాలి ముందు బయటికి పోవాలి. గాలిని తొందరగా వదిలే వాల్వు పెడితే ఆ గదికి ఆవిరి ముందు చేరుతుంది. ఖర్చు కొద్ది డాలర్లే. ఒకే పైపు ఉన్న రేడియేటర్ అయితే కింది పిడిని పూర్తిగా తెరవాలి లేదా పూర్తిగా మూయాలి. సగం తిప్పి వదిలితే నీళ్లు చిక్కుకుని సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేస్తాయి. బాయిలర్ మీది గాజు గొట్టంలో నీటిమట్టాన్ని వారానికోసారి చూడండి. పెద్దవాళ్లున్న ఇంట్లో 68 కన్నా తగ్గించకూడదు. 70–72 పెట్టి, వాళ్లు ఉన్నన్నాళ్లు ఆ ఖర్చును ఖర్చుగా చూడకపోవడమే నా సలహా.

ప్రశ్న: న్యూజెర్సీలో 1950ల ఇల్లు కొనబోతున్నాము. ఇప్పుడు గ్యాస్ మీద నడుస్తోంది. పెరట్లో గడ్డి మధ్య ఒక ఇనుప గొట్టం మొన పొడుచుకు వచ్చి ఉంది. అమ్మేవారు అదేమిటో తమకు తెలియదంటున్నారు. — ఒక పాఠకుడు

జవాబు: భూమిలో పాతిపెట్టిన ఆయిల్ ట్యాంకు తాలూకు నింపే గొట్టమో, గాలి గొట్టమో అయి ఉండవచ్చు. గ్యాస్‌కు మారినప్పుడు చాలా ఇళ్లలో ఆ ట్యాంకును తీయకుండా అలాగే వదిలేశారు. ఉక్కు ట్యాంకు మట్టిలో తుప్పు పట్టి కారితే, కలుషితమైన మట్టిని తవ్వి తరలించే ఖర్చు వేల డాలర్లు దాటి, భూగర్భ జలానికి చేరితే ఇంకా చాలా పైకి పోతుంది. మామూలు ఇంటి బీమా దాన్ని భరిస్తుందనుకోవద్దు. ఒప్పందం ఖాయం చేసుకునే ముందే, మామూలు ఇంటి తనిఖీతో సంబంధం లేకుండా విడిగా, ట్యాంక్ స్వీప్ చేయించండి. లోహాన్ని పసిగట్టే పరికరంతోనో, భూమిలోకి రాడార్ తరంగాలు పంపి చూసే పరికరంతోనో వెతుకుతారు. ట్యాంకు బయటపడితే తీయించి, మట్టి పరీక్ష కాగితాలు, పట్టణ అనుమతి కాగితాలు చేతికిచ్చాకే కొంటామని అమ్మేవారికి చెప్పండి. ఇసుక పోసి మూసేశామన్న నోటిమాట చాలదు. బేస్‌మెంట్‌లో పాత పైపులకు తెల్లని పిండికట్టు లాంటి పొర చుట్టి ఉంటే గీకి చూడకండి. ఆ కాలపువి చాలావరకు ఆస్‌బెస్టాస్, దాని పొడి ఊపిరితిత్తులకు హాని.

ప్రశ్న: ఆయిల్ పీకేసి హీట్ పంపు పెట్టించమని అందరూ అంటున్నారు. మా ఇల్లు బోస్టన్ దగ్గర, వందేళ్లది. పెట్టించాలా? — ఒక పాఠకురాలు, మసాచుసెట్స్

జవాబు: పైన హీటర్‌కు వేసిన లెక్కనే వాడండి. హీట్ పంపు కరెంటుతో బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగుతుంది. చలిప్రాంతాల హీట్ పంపు చలికాలం మొత్తం మీద ఒక యూనిట్ కరెంటుకు రెండున్నర యూనిట్ల వేడి ఇస్తుందనుకుంటే, ఒక గాలన్ ఆయిల్‌కు సుమారు 14 యూనిట్లు సమానం. మీరు కట్టే గాలన్ ధరను 14తో భాగించండి. 4 డాలర్లైతే దాదాపు 29 సెంట్లు వస్తుంది. మీ యూనిట్ ధర, డెలివరీ ఛార్జీలన్నీ కలుపుకొని, దానికన్నా తక్కువగా ఉంటే నడిపే ఖర్చు తగ్గుతుంది, ఎక్కువగా ఉంటే పెరుగుతుంది. మసాచుసెట్స్‌లో కరెంటు ధర ఎక్కువ కాబట్టి ఎవరో చెప్పిన పొదుపును నమ్మకుండా మీ బిల్లుతోనే లెక్క వేసుకోండి.

అయితే అంతకన్నా ముందు చేయవలసిన పని వేరే ఉంది. వందేళ్ల ఇంట్లో అటకకు పోయే మూత చుట్టూ, పునాది గోడ మీద దూలం ఆనే చోట, చిమ్నీ చుట్టూ ఉన్న సందుల గుండా వేడి పోతూనే ఉంటుంది. దేనితో వేడి చేసినా ఆ నష్టం ఒకటే. మీ రాష్ట్రంలో మాస్ సేవ్ పథకం కింద, వేడి ఎక్కడెక్కడ పోతోందో చూసే ఇంటి తనిఖీ ఉచితం. అటకలో పింగాణీ గుండీల మీద లాగిన పాత కరెంటు తీగలు ఉంటే, అవి మార్చనిదే ఇన్సులేషన్ వేయరు, ఆ ఖర్చు ముందే వేసుకోండి. సందులు మూశాక కావలసిన వేడి తగ్గుతుంది కాబట్టి, చిన్న హీట్ పంపు సరిపోవచ్చు. బాయిలర్ బాగున్నంతకాలం దాన్ని గట్టి చలి రోజులకు ఉంచుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. ఏటా సర్వీసు చేయించి, నాజిల్, ఫిల్టర్ మార్పించి, పొగ పరీక్ష కొలతల కాగితం అడిగి తీసుకోండి.

ఎప్పుడైనా ఆయిల్ పూర్తిగా మానుకుంటే, ట్యాంకుతో పాటు గోడ బయటి నింపే పైపును కూడా తీయించి ఆ రంధ్రాన్ని సిమెంటుతో పూడ్పించండి. పైపు మిగిలి ఉన్న ఇంటికి, ఇంటి నంబరు పొరబడి వచ్చిన డ్రైవర్, లోపల ట్యాంకు లేదని తెలియక వందల గాలన్ల ఆయిల్‌ను బేస్‌మెంట్ నేల మీద పోసిన సంఘటనలు ఈశాన్య రాష్ట్రాల్లో ఒకటి కన్నా ఎక్కువే జరిగాయి.